ఎక్కడ ఆగుతుండో దొరకబట్టండి, ఆ తర్వాత చదివియ్యండి

నల్లగొండ జిల్లా దేవరకొండలో మా ఇంట్ల సాయంత్రం పూట ట్యూషన్ చెప్తా. సర్కారు బడి పిల్లలొస్తరు, ప్రైవేటు బడి పిల్లలొస్తరు, తండాల నుంచి వచ్చి ఇక్కడ కిరాయికుండేటోళ్ల పిల్లలూ వస్తరు. తీసుకొచ్చిన తల్లిదండ్రులు చెప్పే మాట మాత్రం ఒక్కటే: "మేడం, నాలుగో తరగతికొచ్చిండు, చదవనీకి రాదు." నేను తిరిగి అడుగుతా: ఏది రాదు? అక్షరమా, గుణింతమా, ఒత్తా? లేక అన్నీ వచ్చి కూడా మెల్లగ చదువుతుండా? ఇది తెలుసుకోకుండ మొదలుపెట్టే ట్యూషన్‌కు పైసలు కట్టుడు దండగ, అది నా ట్యూషనైనా సరే.

తెలుగుతోటి ఒక సుఖముంది. రాసింది రాసినట్టే పలుకుతం. ఇంగ్లీషుల లెక్క ఒక్క అక్షరానికి నాలుగు చప్పుళ్లుండవు. అందుకే తెలుగు చదవలేని పిల్లలు ఎక్కడ ఆగుతుండ్రో ఇంట్ల కూసోనే తెలుసుకోవచ్చు.

ముందు ఒక కాగితం

తెల్ల కాగితం మీద పెద్ద అక్షరాలతో ఐదు వరుసలు రాయండి. మొదటిదాంట్ల విడి అక్షరాలు, వరుస తప్పించి: ర, మ, త, బ, ఇ, స, క, డ, వ, ఎ. రెండోదాంట్ల గుణింతం లేని పదాలు: తల, పలక, గడప, నడక, అరక. మూడోదాంట్ల గుణింతాలు: మేక, కోడి, బావి, పూలు, చేను. నాలుగోదాంట్ల ఒత్తులు: అక్క, చెట్టు, పుస్తకం, సూర్యాపేట, కల్వకుర్తి. ఐదోది నాలుగు చిన్న వాక్యాలు, పిల్లవాడు ఇదివరకు ఎన్నడూ చూడనివి.

పిల్లల చదువు ఎట్లుందో కొలిచేటందుకు 2005లో మొదలైన అసర్ సర్వేలో కూడా ఇంటింటికీ వచ్చి పిల్లలతో అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ అని మెట్టుమెట్టుగ చదివిస్తరు. గుణింతం వరుస, ఒత్తుల వరుస విడిగా నేను పెట్టుకున్నయి. మన లిపికి అవి లేకపోతే లాభం లేదు.

పాఠ్యపుస్తకంతో ఈ పరీక్ష పెట్టొద్దు. పిల్లలు పాఠం మొత్తం నోటికి అప్పజెప్తరు, వేలు ఒక పదం మీద ఉంటది, నోరు ఇంకో పదం మీద ఉంటది. అనుమానమొస్తే వాక్యం నడుమ ఒక పదం మీద వేలు పెట్టి ఇదేందని అడగండి, బయటపడుతది. అ ఆ ఇ ఈ వరుసగ చెప్పించుడు కూడా పరీక్ష కాదు, అది పాట. బొమ్మలున్న పేజీ అసలే వద్దు. 'గేదె' అని రాసున్న చోట బొమ్మ చూసి 'బర్రె' అని చదివిన పిల్లలు నా దగ్గర ఎంతోమంది. తెలివికేం తక్కువ లేదు, కానీ అక్షరాల దిక్కు చూస్తనే లేరు.

అన్నం తిన్నంక, టీవీ బంద్ చేసి, అన్నదమ్ములు పక్కన లేనప్పుడు చదివియ్యండి. తప్పు చదివితే సరిచెయ్యొద్దు. ఏం పలికిండో అది పక్కన రాసుకోండి, మీకు కావలసింది ఆ తప్పులే. 'మేక'ను 'మీక' అన్నడంటే అక్షరం వచ్చు, ఏత్వం, గుడిదీర్ఘం కలగలుస్తున్నయి. 'పుస్తకం'ను 'పుసతకం' అన్నడంటే అక్షరాలన్నీ వచ్చు, ఒత్తు రాదు. ఈ ఇద్దరికీ ఒకే మందు ఇయ్యలేం.

తప్పులు ఎక్కువైన వరుసకు ఒక మెట్టు కింద నుంచి మొదలుపెట్టాలె. ఇది తల్లిదండ్రులకు మింగుడుపడదు. నాలుగో తరగతి పిల్లవాడితోటి 'తల, పలక' చదివిస్తే పక్కింటోళ్లు ఏమనుకుంటరని ఒక తల్లి నాతో కొట్లాడింది. పక్కింటోళ్లకు వినబడకుండ తలుపేసుకొని చదివియ్యమన్న.

అక్షరాల దగ్గర ఆగేటోళ్లు

ఒకదానితో ఒకటి కలిసిపోయే గుంపులున్నయి: ప, వ, స, ష, ఫ ఒకటి, మ, య, ఘ ఇంకొకటి, ద, ధ, డ, ఢ, థ మరొకటి. ఒక గుంపుల రెండింటిని ఒకే రోజు చూపించొద్దు. తేడా చూపిద్దామని ద, డ పక్కపక్కన రాస్తరు, అప్పుడే ఇంకా కలిసిపోతయి. ద గట్టిగ కుదిరి, నిద్రల లేపి అడిగినా చెప్పేటట్టు అయినంక డ మొదలుపెట్టాలె.

వర్ణమాల 56 అక్షరాలు అంటరు గానీ అన్నింటి ఎంబడి పడొద్దు. ఙ, ఞ, ఌ పిల్లల వాక్యాలల్ల కనబడనే కనబడవు. ర, త, ల, క, గ, ప, మ, న, డ వస్తే చాలు, తల, పలక, గడప, నడక, మడత చదివెయ్యొచ్చు. మొదటి వారంలనే ఒక పదం సొంతంగ చదివిండంటే పిల్లవాడి ముఖమే మారిపోతది.

చాటల సన్నటి ఇసుకో బియ్యప్పిండో పోసి వేలితో గీయించండి. గీసేటప్పుడు ఆ చప్పుడు పైకి పలకాలె, మూగగ గీస్తే సగం పనే అయితది. ఖ, జ, ట, ణ, బ, ల లకు తలకట్టుండదని వేరేగ చూపించండి. పిల్లలు అన్నింటికీ తలకట్టు పెట్టుకుంట పోతరు.

'భూమి'ని 'బూమి' అని, 'శనగ'ను 'సెనగ' అని చదివితే ఆపి దిద్దకండి. మనం మాట్లాడేటప్పుడు అంత ఒత్తి పలుకుతున్నమా? అది తర్వాత రాతల చూసుకోవచ్చు.

గుణింతం

బళ్లె క కా కి కీ అని అడ్డంగ పాడిస్తరు. పాట వచ్చిన పిల్లలను 'కే' చూపించి అడిగితే, మనసుల క నుంచి మొదలుపెట్టి లెక్కబెట్టుకుంట వస్తరు. పెదవులు కదులుతయి చూడండి. దీనికి నేను చేసేది, నిలువుగ చదివించుడు: ఒక గుర్తు తీసుకొని పది అక్షరాలకు తగిలించుడు. కా, గా, తా, పా, లా, రా. రెండు మూడు రోజులు దీర్ఘమే. ఆ తర్వాత గుడి, కొమ్ము. ఎత్వం, ఏత్వం వాటి వెనుక.

కురుచ, పొడుగు తేడా చెవికి తెలియకపోతే కంటికీ తెల్వదు. జంటలు చెప్పించండి: మెడ, మేడ. వడ, వాడ. పడు, పాడు. పొడుగు చప్పుడొచ్చినప్పుడు చెయ్యి సాగదీయమనండి, చిన్న పిల్లలకు అదొక ఆట.

కొన్ని గుణింతాలు రూపం మార్చుకుంటయి, వాటి దగ్గర పిల్లల తప్పేం లేదు. కు, గు, రు లకు కొమ్ము కుడిపక్కకు వస్తది. 'వ'కు అట్లనే పెడితే 'మ' లెక్క కనబడుతది కాబట్టి 'వు'కు కొమ్ము కింద నుంచి వేలాడుతది, 'పు'కూ అంతే. ఇది ఒక్కసారి విప్పి చెప్తే పెద్దోళ్లు కూడా "అవునా!" అంటరు. మొ, మో, యొ, యో ల ఆకారం కూడా కొ, కో ల లెక్క ఉండదు. ఇసొంటివన్నీ ఒక అట్టముక్క మీద రాసి గోడకు పెట్టండి.

ఒత్తుల దగ్గరనే అసలు లడాయి

నా దగ్గరికొచ్చే మూడు, నాలుగు, ఐదో తరగతి పిల్లలల్ల ఎక్కువమంది ఆగేది ఇక్కడనే. దీనికి కారణం సోమరితనం కాదు, మన లిపి తీరే అది. 'కల్వకుర్తి' తీసుకోండి. కంటికి పైన 'రి' కనబడుతది, దాని కింద త ఒత్తు. పైనుంచి కిందికి చూసినట్టే చదివితే 'కలవకురిత' అయితది. పిల్లలు సరిగ్గ అదే చదువుతరు! 'సూర్యాపేట'ను 'సూరాయపేట' అంటరు, 'మిర్యాలగూడ'ను 'మిరాయలగూడ' అంటరు. గుడి, దీర్ఘం పై అక్షరానికి అంటుకొని కనబడుతయి గానీ పలికేటప్పుడు అవి కింది అక్షరానికి పోతయి. ఈ ఒక్క సంగతి ఎవ్వరూ విడమరిచి చెప్పక పిల్లలు ఏండ్ల తరబడి కొట్టుకుంటరు.

నేర్పే వరుస ఇట్ల పెట్టుకోండి. ముందు పొల్లు రావాలె. మాల్, బస్, బాల్, పెన్. చివర చప్పుడు తెగిపోతదని తెలియాలె. 'ల'కు, 'ల్'కు తేడా పట్టుకోని పిల్లకు ఒత్తు చెప్పుడు వృథా.

తర్వాత అదే అక్షరానికి అదే ఒత్తు ఉన్న పదాలు: అక్క, అవ్వ, చెట్టు, గుడ్డు, మొగ్గ. వీటిల్ల పైనా కిందా ఒకే అక్షరం కాబట్టి తికమక ఉండదు. చాలా ఒత్తులు ఆ అక్షరమే తలకట్టు లేకుండ చిన్నగ రాసినట్టుంటయి. త, న, మ, య, ర, ల ల ఒత్తులు మాత్రం వేషం పూర్తిగ మార్చుకుంటయి. వాటికి ఆరు పదాలు పెద్దగ రాసి అతికించండి: అత్త, అన్న, అమ్మ, అయ్య, గొర్రె, పిల్ల. ఎక్కడన్న ఒత్తు గుర్తుకు రాకపోతే పిల్లవాడే గోడ దిక్కు చూసి వెతుక్కుంటడు. మీరు చెప్పెయ్యకండి, చూడనియ్యండి.

ఆఖరుకు వేరే అక్షరం ఒత్తుగ వచ్చేవి. ఇక్కడ పదాన్ని విరిచి రాయాలె. ఒక దిక్కు 'పుస్ తకం', దాని కింద 'పుస్తకం'. 'కల్ వకుర్ తి', దాని కింద 'కల్వకుర్తి'. 'సూర్ యాపేట', దాని కింద 'సూర్యాపేట'. విరిచింది చదివించి, వెంటనే కలిపింది చదివియ్యండి. కొన్నాళ్లకు పిల్లతోనే విరిచి రాయించండి. పొల్లు ముందు నేర్పమన్నది ఇందుకే.

పదాలు పుస్తకంల నుంచే తేవాల్నని ఏం లేదు. జడ్చర్ల నుంచి కల్వకుర్తి, మల్లేపల్లి, హాలియా మీదుగ మిర్యాలగూడకు పోయే రోడ్డు మనది. ఆ ఊర్ల పేర్లు, మన చుట్టుపక్కల ఊర్ల పేర్లే మెట్లుగ పేర్చుకున్న. హాలియా ఉత్త గుణింతం. మాల్ పొల్లు. దేవరకొండల ఒత్తే లేదు, సున్న ఉంది. మల్లేపల్లి, అచ్చంపేటల అదే అక్షరానికి అదే ఒత్తు. మిర్యాలగూడ, కల్వకుర్తి, జడ్చర్ల ఆఖరు మెట్టు. బస్టాండ్ల బోర్డు చూసి 'జడచరల' అనకుండ జడ్చర్ల అన్నడంటే ఆ పిల్లవాడు గట్టెక్కినట్టే. నల్లగొండ అని ఒక చోట, నల్గొండ అని ఒక చోట రాస్తరు, రెండూ చదివియ్యండి, మంచి కసరత్తు. ఇంట్ల పాత పెండ్లి పత్రికలుంటే పారెయ్యకండి. చుట్టాల పేర్లుంటయి, తెలిసిన పేర్లు కాబట్టి ఒత్తులున్నా పట్టుబట్టి చదువుతరు.

అన్నీ వచ్చినా మెల్లగ చదివేటోళ్లు

వీళ్లకు కొత్త పాఠాలు కుమ్మరించొద్దు. ఐదారు వాక్యాల పేరా ఒకటి తీసుకొని మూడు రోజులు అదే చదివియ్యండి. మొదటి రోజు మీరు చదువుతుంటే పిల్ల వేలు పెట్టి వెంబడి చదవాలె. రెండో రోజు ఇద్దరూ కలిసి, మూడో రోజు ఒక్కతే. రోజుకు పావుగంట చాలు, గంటసేపు కూసోబెడితే రెండో రోజు కడుపునొస్తుందంటది.

2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర సర్కారు కార్యక్రమంల మూడో తరగతి అయిపోయేసరికి నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలని లక్ష్యం పెట్టిన్రు. ఆ లెక్క చూసి ఫోన్ల టైమర్ పెట్టి కూసోకండి. తెలుగుల 'చదువుకుంటున్నప్పుడు' అన్నది ఒక్క పదం. అసొంటి పొడుగు పదాలను పెన్సిల్‌తో నిలువు గీతలు కొట్టి ముక్కలు చేసి చదివియ్యండి. నెలకోసారి మొదటి కాగితం లాంటిదే కొత్త పదాలతో రాసి చదివిస్తే ఎంత ముందుకొచ్చిండో తెలుస్తది.

పదిసార్లు రాయించుడు మాత్రం మానెయ్యండి. చూసి రాసుడు చేతి పని, చదువుడు కాదు. 'మిర్యాలగూడ' పేజీ నిండ గుండ్రంగ రాసి, ఇదేందంటే నోరు తెరవని పిల్లలు నాకు ఎరుకే.

మాకే చదువు రాదు మేడం, అనేటోళ్లకు

మీరు చెయ్యగలిగేది చాలా ఉంది. నానమ్మనో అమ్మమ్మనో ఒక సంగతి చెప్పమనండి, మూడు నాలుగు ముక్కల్ల. పెద్ద పిల్లలెవరన్న దాన్ని ఆమె నోట్లకెల్లి వచ్చినట్టే రాయాలె: "మా తాత బాయికాడికి పోయిండు. తాడు తెగింది. బకెట్ నీళ్లల్ల పడ్డది." 'పోయిండు'ను 'వెళ్ళాడు' అని దిద్దొద్దు. ఇంట్ల వినే మాటే కాగితం మీద ఉంటే, ముందు ఏమొస్తదో పిల్లకు ఎరుకుంటది, కన్ను అక్షరం మీద నిలబడుతది. ఒక నోటుబుక్కుల ఇట్ల రాసుకుంట పోతే అదే ఆ పిల్ల పుస్తకం.

తండా పిల్లలకైతే ఇది ఇంకా అవసరం. ఇంట్ల లంబాడీ మాట్లాడి, తెలుగు అంగన్‌వాడీలనో బళ్లెనో మొదటిసారి వినే పిల్లకు అక్షరం కొత్త, పదం కొత్త, రెండు బరువులు. వాళ్ల మాటలనే తెలుగు అక్షరాలల్ల రాసి చదివిస్తే ఒక బరువు దిగుతది. తెలుగు పాఠం చదివించే ముందు ఆ సంగతిని నోటితోటి, ఇంటి మాటల్ల చెప్పండి.

తల్లిదండ్రులు పనికి పట్నం పోయి పిల్లలు ముసలోళ్ల దగ్గర ఉండే ఇండ్లు మన దిక్కు తక్కువేం లేవు. రాత్రి ఫోన్ చేసినప్పుడు "అన్నం తిన్నవా" అని అడిగినంక "ఇయ్యాల రాసింది చదువు బిడ్డా" అని అడగండి. వినేటోళ్లుంటే చదువుతరు.

బడి, డాక్టరు

ముందు హాజరు చూడండి. పత్తి ఏరే రోజులల్ల బడి పోగొట్టుకున్న పిల్లకు రోగమేం లేదు, పోయిన పాఠాలు పోయినయి, అంతే. తర్వాత కండ్లు, చెవులు. పుస్తకం ముక్కుకు ఆనిచ్చుకొని చదివినా, బోర్డు మీదిది పక్కోళ్ల నోటుబుక్కు చూసి రాసుకున్నా, చెవి కారుతున్నా ముందు ఆసుపత్రికే పోవాలె. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందం ఏడాదికోసారి సర్కారు బడికి రావాలె. వాళ్లొచ్చిన రోజు పిల్లను బడి మాన్పించకండి, మీ అనుమానం టీచర్‌కు ముందే చెప్పి పెట్టండి.

ఇవన్నీ సరిగ్గ ఉండి, నెలల తరబడి రోజూ చదివించినా, నిన్న వచ్చిన అక్షరం ఇయ్యాల కొత్తగ కనబడుతుంటే, మాటల్ల చురుకుగ ఉండి కాగితం చూస్తేనే బిగుసుకుపోతుంటే, అది డిస్లెక్సియా కావచ్చు. తెలివితక్కువతనం కాదది. 2016 వికలాంగుల హక్కుల చట్టంల చెప్పిన 21 రకాలల్ల ఈ అభ్యసన వైకల్యం కూడా ఒకటి. సర్టిఫికెట్ ఎనిమిదేండ్లు నిండినంకనే ఇస్తరు, 14 ఏండ్లకు, 18 ఏండ్లకు మళ్లీ పరీక్ష చెయ్యించుకోవాలె. సర్టిఫికెట్ చేతికి రాలేదని సాయం ఆపొద్దు, పైన చెప్పినవన్నీ ఆ పిల్లలకూ పనికొస్తయి, కాకపోతే ఎక్కువ రోజులు పడుతది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రాలున్నయి, మీ మండలంల ఎక్కడుందో మండల విద్యాధికారి ఆఫీసుల అడగండి.

బడికి పోయినప్పుడు "మా వాడు ఎట్ల చదువుతుండు" అని అడిగితే "పర్వాలేదమ్మా" అన్న జవాబే వస్తది. 2022 ఆగస్టు 15 నుంచి మన ప్రాథమిక బడులల్ల చదువుడు, రాసుడు, లెక్కలు గట్టిచేసే తొలిమెట్టు కార్యక్రమం నడుస్తుంది కాబట్టి "చదువుడుల మా పిల్ల ఏ స్థాయిల ఉంది టీచర్, ఒత్తులు వస్తున్నయా" అని సూటిగ అడగండి. ఇంకొకటి కూడా అడగండి: తరగతిల అందరి ముందు లేపి కొత్త పాఠం చదివించొద్దని, రేపు ఏ పేరా చదివిస్తరో ఇయ్యాలనే చెప్తే ఇంట్ల చదివించి పంపుతమని. నేను అడిగిన టీచర్లల్ల చాలామంది ఒప్పుకున్నరు.